రేచల్ దారిలో వేసవి ప్రయాణానికి ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో, లాస్ వేగాస్‌కు ఉత్తరంగా దాదాపు 150 మైళ్ళ దూరాన, 375వ నంబరు రాష్ట్ర రహదారి పక్కన రేచల్ అనే ఊరుంది. 2020 జనాభా లెక్కల నాటికి ఆ ఊళ్ళో ఉన్నది 48 మంది. సముద్రమట్టానికి సుమారు 4,800 అడుగుల ఎత్తున, సేజ్ పొదలు తప్ప చెప్పుకోదగ్గ చెట్టు కనిపించని ఎడారి మైదానంలో కొన్ని ట్రెయిలర్ ఇళ్ళు, ‘లిటిల్ ఏలియిన్’ అనే చిన్న భోజనశాల, దానికి అనుబంధంగా కొన్ని బస గదులు ఉన్నాయి; ఊరంటే ఇంచుమించు అంతే. ఆసుపత్రి లేదు, పంక్చరు వేసే కొట్టు లేదు, పెట్రోలు దొరుకుతుందన్న భరోసా లేదు. ఏరియా 51 అనే రహస్య వైమానిక స్థావరానికి దగ్గరి ఊరు కావడం వల్ల, 1996లో రాష్ట్ర ప్రభుత్వమే ఈ దారికి ‘ఎక్స్‌ట్రాటెరెస్ట్రియల్ హైవే’, అంటే గ్రహాంతరవాసుల రహదారి అని పేరు పెట్టడం వల్ల, వేసవిలో దీన్ని చూడడానికి వెళ్ళేవారిలో మన తెలుగువాళ్ళూ ఉంటారు. పిల్లలకు బడి సెలవులు, ఇంటి దగ్గర నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటారు, వేగాస్ చూపించడం ఎలాగూ తప్పదు, మర్నాడు ఒక పూట అటు వెళ్ళి వద్దామని అనుకుంటారు. ఆ ఒక పూట ప్రయాణం గురించే ఈ మాటలు.

మనం పుట్టి పెరిగిన నేలలో మ్యాపు మీద ఊరి పేరు కనిపిస్తే అక్కడ మనుషులుంటారన్న నమ్మకం మనకు తెలియకుండానే ఏర్పడిపోతుంది. కర్నూలు నుంచి హైదరాబాదు వెళ్ళే దారిలో బండి ఆగిపోతే నాలుగడుగుల్లో టీ కొట్టు ఉంటుంది, పిలవకుండానే నలుగురు చుట్టూ చేరి ఏమైందని అడుగుతారు. రేచల్ ఉన్న లింకన్ కౌంటీ విస్తీర్ణం విభజనకు ముందున్న అనంతపురం జిల్లాకు దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంటుంది, అందులో ఉండే జనాభా మాత్రం దాదాపు 4,500. ఇక్కడ మనిషికీ మనిషికీ మధ్య ఉన్న దూరమే అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. పట్నంలో పది నిమిషాల్లో సర్దుకుపోయే చిన్న లోపం ఇక్కడ సాయంత్రం దాకా సాగుతుంది. అందువల్ల రేచల్ అనే ఊరు అక్కడ లేనే లేదనుకుని సామాను సర్దుకోవడం మంచిది. మిగిలిన జాగ్రత్తలన్నీ ఈ ఒక్క ఆలోచనలోంచి వచ్చేవే.

మొదట పెట్రోలు సంగతి చూద్దాం. వేగాస్ నుంచి 93వ నంబరు రహదారి మీద వెళ్తే సుమారు 95 మైళ్ళ దగ్గర అలమో అనే ఊరు వస్తుంది. ముల్లు సగానికి పైన ఉన్నా సరే, అక్కడ ట్యాంకు నిండుగా పట్టించుకోవాలి. అక్కడి నుంచి రేచల్ 50 మైళ్ళు. రేచల్ నుంచి పడమరగా టోనోపా పట్టణం చేరాలంటే ఇంకో 110 మైళ్ళు. అంటే అలమో దాటాక టోనోపా దాకా 160 మైళ్ళ పాటు బంకు ఉండదని లెక్క వేసుకోవాలి; వచ్చిన దారినే వెనక్కి తిరిగినా రానూ పోనూ 100 మైళ్ళు. మధ్యలో మ్యాపు మీద క్రిస్టల్ స్ప్రింగ్స్, వార్మ్ స్ప్రింగ్స్ అన్న పేర్లు కనబడతాయి. చల్లని ఊటలున్న పచ్చటి ఊళ్ళలాగా వినిపించే ఆ పేర్లను చూసి మోసపోకూడదు. మొదటిది రెండు రహదారులు కలిసే చోటు మాత్రమే. రెండోచోట మూతపడిన పాత కట్టడం తప్ప పలకరించే మనిషి ఉండడు. దారిలో 5,500 అడుగులకు పైబడిన కనుమలు ఎక్కి దిగాలి, ఏసీ ఆపడానికి వీలుండదు, ఎదురుగాలి కూడా కొట్టవచ్చు. కాబట్టి ఇంకా ఇన్ని మైళ్ళు వస్తుందని కారు చూపించే అంకెలో నాలుగో వంతు తీసేసి లెక్క వేసుకోవాలి. ఎలక్ట్రిక్ కారు ఉన్నవారు రేచల్‌లో ఛార్జింగ్ దొరుకుతుందన్న భరోసాతో బయలుదేరకూడదు.

టైర్ల గురించి నేను కొంచెం వివరంగా రాయడానికి కారణముంది. రెండేళ్ళ క్రితం జూలైలో, మా అమ్మను వెంటబెట్టుకుని అద్దె కారులో ఈ దారినే వెళ్ళాను. ఫొటో కోసమని రోడ్డు దిగి కంకర దారి మీద పది గజాలు పోనిచ్చానో లేదో, కుడివైపు వెనక టైరు కూర్చుండిపోయింది. దిగి చూస్తే టైరు పక్కగోడకు చిటికెన వేలంత పొడవున కోత పడి ఉంది. డిక్కీలో చాప ఎత్తి చూశాను. స్టెప్నీ ఉండవలసిన గుంటలో తెల్లటి థర్మకోల్ అచ్చు, అందులో అరచేతిలో పట్టే ఒక గాలి పంపు, పక్కన జిగురు ద్రవం సీసా ఉన్నాయి. ఆ ద్రవం లోపలికి ఎక్కిస్తే, పొంగిన పాలలాగా నురగలు కక్కుతూ కోతలోంచి బయటికే వచ్చేసింది, ఎందుకంటే అది టైరు నేలకు ఆనే నడి భాగంలో మేకు గుచ్చుకున్న చిన్న కన్నానికి పనికొస్తుంది తప్ప పక్కగోడ చీలికకు పనికిరాదు. అద్దెకిచ్చినవారు స్టెప్నీ లేదన్న మాట చెప్పలేదు, నేనూ డిక్కీ తెరిచి చూడలేదు. ఒక పశువుల కాపరి పికప్ ట్రక్కు ఆపి మమ్మల్ని ఎక్కించుకునేసరికి మూడు గంటలు గడిచాయి.

కాబట్టి తాళం చేతికి తీసుకునే చోటే, ఎవరు తొందరపెట్టినా సరే, డిక్కీ చాప ఎత్తి చూడాలి. స్టెప్నీ ఉంటే దానిలో గాలి ఉందో లేదో బొటనవేలితో నొక్కి కాకుండా గేజి పెట్టి చూడాలి. జాకీ, వీల్ స్పానర్ రెండూ ఉన్నాయేమో చూసుకోవాలి. స్టెప్నీ లేకపోతే ఉన్న కారే కావాలని అడగాలి. సొంత కారైతే టైర్లు ఎన్నేళ్ళ కిందటివో చూసుకోవాలి. ఆరేడేళ్ళు దాటిన టైరు మీద గీతలు లోతుగానే ఉన్నా ఎండకు రబ్బరు పెళుసుబారి ఉంటుంది. రోడ్డు సహాయ సభ్యత్వం ఉన్నవారు ఎన్ని మైళ్ళ దాకా బండిని ఉచితంగా లాక్కెళ్తారో ముందే చదువుకోవాలి, ఎందుకంటే తక్కువ రకం సభ్యత్వాల్లో ఆ హద్దు కొద్ది మైళ్ళే ఉంటుంది, ఇక్కడేమో దగ్గరి టైర్ల కొట్టే చాలా దూరంలో ఉంటుంది. తారు రోడ్డు దిగి మట్టిదారి పట్టడం చాలా అద్దె ఒప్పందాల్లో నిషేధం. అక్కడ జరిగిన నష్టానికి బీమా వర్తించకపోవచ్చు.

ఆ మూడు గంటల్లో నన్ను ఎక్కువ భయపెట్టింది టైరు కాదు, మా అమ్మ అన్న మాట. ఆమె పైట చెంగు తల మీదుగా కప్పుకుని కారు నీడలో కూర్చుని, “ఏమంత ఎండరా నాన్నా, మన రోహిణి కార్తెతో పోలిస్తే ఇదెంత? చెమటన్నా పట్టడం లేదు కదా!” అంది, నీళ్ళ సీసా ఇస్తే దాహం లేదని పక్కన పెట్టేసింది. మన కోస్తా ఉక్కపోతకు అలవాటుపడిన శరీరాన్ని ఈ ఎడారి మోసం చేసే తీరు ఇదే. వేగాస్ కన్నా ఎత్తులో ఉండడం వల్ల రేచల్‌లో వేడి పదేసి ఫారన్‌హీట్ డిగ్రీలు తగ్గి కనిపిస్తుంది, గాలి ఆడుతూ హాయిగానే అనిపిస్తుంది. గాలిలో తేమ లేకపోవడం వల్ల పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది, ఒంట్లో నీరు తగ్గిపోతున్నా చొక్కా తడవదు. పైగా వయసు మళ్ళినవారికి దాహం ఆలస్యంగా తెలుస్తుంది. దాహం వేసేదాకా ఆగకుండా, గడియారం చూసి అరగంటకోసారి నాలుగు గుక్కలు తాగించాలి. పెదవులు పిడచకట్టడం, తలనొప్పి, మూత్రం చిక్కటి పసుపుగా రావడం మొదటి గుర్తులు. మాట తడబడినా, మనిషి తికమకపడినా అది వడదెబ్బ కింద లెక్క, వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్ళంతా తడిపి, విసురుతూ 911కు ఫోన్ చేయాలి.

నీళ్ళు మనిషికి రోజుకు ఒక గ్యాలను, అంటే సుమారు నాలుగు లీటర్ల లెక్కన తీసుకెళ్ళాలి. ఒక పూట ప్రయాణమే అయినా రెండు రోజుల లెక్కన పెట్టుకోవడం మంచిది. ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగు పడేసుకోవాలి. రక్తపోటుకు ‘నీటి మాత్ర’ వాడే పెద్దవాళ్ళుంటే ఆ రోజు మోతాదు గురించి బయలుదేరే ముందే డాక్టరును అడగాలి, సొంతంగా మానెయ్యకూడదు. ఇన్సులిన్ చల్లటి పెట్టెలో ఉండాలి, అయితే మంచుగడ్డకు నేరుగా తగలకూడదు. బయట 90 డిగ్రీల ఫారన్‌హీట్ ఉన్నప్పుడు మూసిన కారులో అరగంటలో 120 డిగ్రీలు దాటుతుంది. పిల్లలను గానీ, కునుకు తీస్తున్న తాతగారిని గానీ “ఇప్పుడే వచ్చేస్తాం” అని కారులో వదిలి దిగకూడదు. తిండికి పులిహోర, చపాతీలు, వేరుశెనగ ఉండలు సరిపోతాయి. పెరుగన్నం ఈ వేడికి మధ్యాహ్నానికే పులిసిపోతుంది. భోజనశాల తెరిచి ఉంటుందో లేదో ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళినా, దాన్ని నమ్ముకుని ఖాళీ చేతులతో వెళ్ళకూడదు. దగ్గరి ఆసుపత్రి కాలియెంటె అనే ఊళ్ళో, 80 మైళ్ళకు పైబడిన దూరంలో ఉంది. సందర్శకులుగా వచ్చిన తల్లిదండ్రుల బీమాలో ఎయిర్ అంబులెన్సు ఖర్చు కలుస్తుందో లేదో పాలసీ తీసినప్పుడే చూసుకోవలసిన విషయం.

ఎడారిలో వరద ఏమిటని అనుకోవద్దు. జూలై నుంచి సెప్టెంబరు మధ్య దాకా ఇక్కడ మధ్యాహ్నాలు ఉరుములతో వానలు పడతాయి. గట్టిపడిన నేల ఆ నీటిని పీల్చుకోలేదు. ఎక్కడో కొండ మీద కురిసిన వాన, మన నెత్తిన ఆకాశం నీలంగా ఉండగానే, రోడ్డు పల్లంగా దిగిన చోట బురద ప్రవాహమై అడ్డం వస్తుంది. పన్నెండు అంగుళాల లోతున పారే నీరు చిన్న కారును తోసుకుపోగలదని, రెండడుగుల నీరు చాలా వాహనాలను ఈడ్చుకుపోతుందని అమెరికా వాతావరణ శాఖ హెచ్చరిస్తుంది. ఆ నీటి కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో కనబడదు. వెనక్కి తిప్పి, ఎత్తైన చోట బండి ఆపితే చాలావరకు గంటా రెండు గంటల్లో నీరు తీసేస్తుంది. ఉరుములు వినబడుతుంటే కారు దిగి మైదానంలో నిలబడకూడదు, ఎందుకంటే ఆ చదును నేల మీద అన్నిటికన్నా ఎత్తైన వస్తువు మనమే అవుతాం.

చీకటి పడ్డాక ఈ దారి స్వభావమే మారిపోతుంది. ఇరువైపులా పశువులు మేసే నేల. చాలా చోట్ల కంచె ఉండదు. పగటి వేడి పీల్చుకున్న తారు రాత్రి వెచ్చగా ఉండడంతో ఆవులు రోడ్డు మీదికే వచ్చి నిలబడతాయి, కొన్ని పడుకుంటాయి కూడా. ఇక్కడ నల్లటి జాతి పశువులు ఎక్కువ. తల అటు తిప్పుకుని నిలబడ్డ నల్లటి ఆవు కళ్ళు మెరవవు. హెడ్‌లైటు వెలుగులో మొదట కనబడేది రోడ్డు మీది తెల్లగీత ఉన్నట్టుండి తెగిపోయిన చోటు. గంటకు 70 మైళ్ళ వేగంలో కారు సెకనుకు 100 అడుగులకు పైగా పోతుంది. లో బీమ్ వెలుగు సుమారు 200 అడుగులు. చూసి బ్రేకు తొక్కడానికి మిగిలేది రెండు సెకన్లు. రాత్రి 45 మైళ్ళు దాటకుండా, ఎదురుగా బండి రానంతసేపు హై బీమ్‌లో పోవడం ఒక్కటే దీనికి మార్గం. నెవాడా చట్టం ప్రకారం కంచె లేని మేత భూముల్లో పశువు రోడ్డు మీదికి వచ్చి ప్రమాదం జరిగితే పశువు యజమానిపై బాధ్యత ఉండదు. వీలైతే సూర్యాస్తమయానికి ముందే 93వ నంబరు రహదారి చేరిపోయేలా సమయం చూసుకోవాలి. సాయంత్రం పడమర దిక్కుకు నడపడం కూడా ఇబ్బందే, ఎండ సూటిగా కళ్ళలో పడుతుంది.

నక్షత్రాల కోసమే వెళ్ళేవారు మాత్రం రాత్రి ఉండక తప్పదు, ఆ ఆకాశం చూసి తీరవలసినది కూడా. అటువంటివారు రేచల్‌లోనే గది ముందుగా తీసుకుని, పగటి వెలుగులో చేరుకోవాలి. బండిని రోడ్డు అంచున కాకుండా పూర్తిగా దూరంగా నిలపాలి. ఎండుగడ్డి మీద నిలపకూడదు, కారు కింద సైలెన్సరు వేడికి ఆ గడ్డి అంటుకోగలదు. నడిచేటప్పుడు టార్చి నేల మీదికి వేసి, మూసిన బూట్లతో నడవాలి, ఎందుకంటే గిలకపాములు వేసవిలో రాత్రిపూటే తిరుగుతాయి. చుట్టుపక్కల కొండల్లో పాత గనుల సొరంగాలు, పాడుబడ్డ గుడిసెలు ఉంటాయి. వాటిలోకి అడుగు పెట్టవద్దు; గనుల్లో కూలిపోయే నేల, ఊపిరాడని గాలి ఉంటాయి, గుడిసెల్లో ఎలుకల పెంటికల దుమ్ము నుంచి హంటావైరస్ సోకే ప్రమాదం ఉంది.

ఈ దారిలో చాలా భాగం ఫోన్ సిగ్నల్ ఉండదు. మ్యాపును అలమోలోనే ఫోన్‌లోకి దింపుకోవాలి, అచ్చు మ్యాపు ఒకటి దగ్గర ఉండాలి, దగ్గరి దారి అంటూ ఫోన్ మట్టిబాట చూపిస్తే పట్టించుకోకూడదు. ఐఫోన్ 14, ఆ తరువాతి ఫోన్లలో ఉపగ్రహం ద్వారా అత్యవసర సందేశం పంపే సదుపాయం ఉంది. అది వాడే పద్ధతిని సాధన చేసే ఏర్పాటు ఆ ఫోన్‌లోనే ఉంటుంది, ఇంటి దగ్గరే ఒకసారి చేసి చూసుకోవాలి. రోడ్ల పరిస్థితికి 511 నంబరు ఉంది. బండి ఆగిపోతే బానెట్ ఎత్తిపెట్టి, బండి దగ్గరే ఉండాలి. 1996 జూలైలో, ఇదే ప్రాంతపు డెత్ వ్యాలీలో నలుగురు జర్మనీ పర్యాటకులు చెడిపోయిన తమ వ్యాన్‌ను వదిలి నడిచి వెళ్ళారు. వ్యాన్ కొన్ని నెలలకే దొరికింది, అస్థికల ఆచూకీ 2009 దాకా తెలియలేదు. పైనుంచి వెతికేవారికి కారు దూరం నుంచే కనబడుతుంది, నడుస్తున్న మనిషి కనబడడు.

ఏరియా 51 సరిహద్దు విషయంలో మనవాళ్ళు మరింత జాగ్రత్తగా ఉండాలి. 1955లో యూ-2 గూఢచారి విమానాల పరీక్షతో మొదలైన ఆ స్థావరం ఉనికిని 2013లో సీఐఏ పత్రాలు బహిరంగంగా ఒప్పుకున్నాయి గానీ, కాపలా ఏమీ సడలలేదు. రహదారి నుంచి మట్టిదారి పట్టి వెళ్తే హెచ్చరిక పలకలు కనబడతాయి. చాలా చోట్ల గేటు గానీ కంచె గానీ ఉండదు, కొండ మీద నిలిచిన వాహనంలోంచి చూస్తూ ఉంటారు. పలక దాటి ఒక్క అడుగు వేసినా అతిక్రమణే. డ్రోన్ ఎగరెయ్యకూడదు, స్థావరాన్ని ఫొటోలు తీయకూడదు. 2019 సెప్టెంబరులో ‘ఏరియా 51లోకి దూసుకెళ్దాం’ అన్న పిలుపుతో జనం పెద్ద సంఖ్యలో ఈ చిన్న ఊరికి చేరినప్పుడు కొందరు అరెస్టయ్యారు. అమెరికా పౌరులకు అది జరిమానాతో పోవచ్చు. హెచ్1బీ, ఎఫ్1 వీసాల మీద ఉన్నవారికి అలా కాదు. వీసా స్టాంపింగుకు నింపే డీఎస్-160 ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న ప్రశ్న ఉంటుంది, ఒక ఫొటో కోసం ఆ జవాబు జీవితాంతం రాస్తూ ఉండవలసి వస్తుంది. పాస్‌పోర్టు, అమెరికాలో ప్రవేశించినట్టు చూపే ఐ-94 కాగితం వెంట ఉంచుకోవాలి.

శీతాకాలంలో వెళ్ళేవారికి నీళ్ళ లెక్క మారదు, దానికి దుప్పట్లు తోడవుతాయి. రాత్రి ఉష్ణోగ్రత గడ్డకట్టే స్థాయికి బాగా కిందికి పోతుంది, కనుమల నీడ పడే మలుపుల్లో కంటికి కనబడని మంచుపొర ఉంటుంది, డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది.

చివరిగా చేయవలసిన పని, అలమోలో సిగ్నల్ ఉండగానే, వెంట రాని ఒకరికి కబురు పెట్టడం. నేను ఇప్పుడు మా తమ్ముడికి పంపే సందేశం ఇలా ఉంటుంది: “ఉదయం 9కి అలమో దాటుతున్నాం, తెల్ల కారు, నలుగురం. 375 మీద రేచల్ దాకా వెళ్ళి అదే దారిన వెనక్కి. సాయంత్రం 5 లోపు అలమో చేరి ఫోన్ చేస్తాను. 7 దాకా రాకపోతే నాకు చెయ్యకు, లింకన్ కౌంటీ షెరీఫ్ ఆఫీసుకు చెయ్యి. నంబరు కింద ఉంది.”